పాత మండువా ఇండ్ల మరమ్మతు

కృష్ణా, గోదావరి డెల్టా గ్రామములలో మండువా ఇండ్లు నేటికిని కానవచ్చును. నడుమ ఆకాశమునకు తెరచియుంచిన మండువా, దానిలోనికి నాలుగు వైపులనుండి వాలిన పెంకుల కప్పు, చుట్టును గదులు. ఉమ్మడి కుటుంబము, ధాన్యపు గాదెలు, పాడి పశువులు ఒక్క ఆవరణలోనే ఉన్న దినములలో కట్టిన ఇండ్లివి. నలుగురే యున్న నేటి కుటుంబమునకు అవి అనుకూలముగా లేవనుట నిజమే. ధాన్యమునకై కట్టిన గదికి కిటికీ లేదు. పిల్లలు చదువుకొనునది అందులోనే. ఒక గదికి పోవలెనన్న మరియొక గదిని దాటవలెను. మరుగుదొడ్డికి తావే లేదు.

ఇట్టి ఇంటి యజమాని సాధారణముగా మొదట తలపెట్టునది మండువాను మూసి పైన స్లాబు వేయుట. సలహా కోరి వచ్చినవారికి పంచాయతీ సభ్యులు తొలుత వారింపవలసిన పని ఇదియే. ఆ ఇంటికి గాలియు వెలుతురును వచ్చునది మండువానుండియే. దానిని మూసినచో చుట్టునున్నవన్నియు చీకటి గదులగును. అదియుగాక, 10 సెంటీమీటర్ల మందముగల కాంక్రీటు స్లాబు చదరపు మీటరునకు సుమారు 250 కిలోల బరువుండును. పెంకులను, వాసములను మోయుటకు పెట్టిన మట్టిగోడ దాని నెట్లు మోయగలదు? కోతులు దూకుననియో, దొంగలు దిగుదురనియో భయమున్నచో ఇనుప వల చాలును.

రెండు గదులను ఒకటి చేయదలచినచో, నడిమి గోడపై దూలముగాని వాసములుగాని ఆనియున్నవేమో అటక యెక్కి చూడవలెను. ఆనియున్నచో ఆ గోడను తీయరాదు. కిటికీ పెట్టవచ్చును, అయితే ముందుగా దూలమునకు ఊతకఱ్ఱలు నిలిపి, తొలచిన చోటికి పైన లింటలు వేసి, దాని కొనలు ఇరువైపుల 9 అంగుళములు గోడలోనికి పోవునట్లు చూడవలెను. వర్షకాలమున ఈ పని కూడదు. తడిసిన మట్టిగోడను కదలించుట ప్రాణాపాయము. మట్టిగోడకు సిమెంటు పూతయు తగదు. లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ మెత్తబడి, పూత పెచ్చులుగా ఊడును. మేస్త్రీ సిమెంటే గట్టిదని వాదించును గాని, సున్నపు పూతయే మేలు.

పశువులను దొడ్డిలోనికి మార్చినచో ఆ చోటు స్నానపు గదికి, రెండు గుంతల మరుగుదొడ్డికి సరిపోవును. మొదటి గుంత నిండిన పిమ్మట రెండవదానికి మళ్ళించి, మొదటిదానిని రెండేండ్లు కదలింపకున్నచో అందలి మలము ఎరువగును. గుంతకును, త్రాగునీటి బావికిని నడుమ దూరము 15 మీటర్లకు తగ్గరాదు. దీనిని సభ్యులు స్వయముగా తాడుతో కొలిపించవలెను. పొరుగింటి బావిని, బోరును కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

మండువాలో పడిన వాననీరు తూముగుండ వీధికి పోవుట పాత ఏర్పాటు. తూము పూడియున్నచో పునాదులు నానును. మరమ్మతు మొదలిడుటకు ముందే దానిని తవ్వించి, ఆ నీటిని గోడలకు దూరముగా పెరటిలోని ఇంకుడుగుంతకు మరల్చవలెను. వీధి కాలువలోనికి మరుగుదొడ్డి నీటిని వదలుటకు మాత్రము, ఎవరు అడిగినను, పంచాయతీ సమ్మతింపరాదు.