పెరటి గన్నేరు.. పిల్లికి గండం

గాదెలో గింజలను ఎలుకల బారినుంచి కాపాడే పిల్లి వున్నట్టుండి వాంతులు చేసుకుని, చొంగ కారుస్తూ పడిపోతే, యింటివారి అనుమానం ముందుగా పక్కింటివారు పెట్టిన ఎలుకల మందు మీదికి పోతుంది. మాటా మాటా పెరిగి తగాదా అవుతుంది. అసలు విషం తమ పెరట్లోనే పూస్తూ వుండవచ్చు.

గన్నేరు దేవుడికి పూలిచ్చే మొక్కే గాని దాని ఆకు, పువ్వు, కాడ, వేరు అన్నీ విషమే. పచ్చగన్నేరూ అంతే. ఆ విషం గుండె కొట్టుకునే తీరునే తప్పిస్తుంది. కొమ్మలు నరికి ఎండబెట్టినా విషం పోదు. కంచె వారన పడేస్తే మేకలకు, గేదెలకు కూడా ముప్పే. మాంసం తినే పిల్లి ఆకులెందుకు కొరుకుతుందని అనుకోరాదు. గడ్డీగాదం కొరకడం దానికి అలవాటే.

మనీప్లాంటు ఆకు కొరికితే నోరు మండుతుంది గాని ప్రాణం పోవడం అరుదు. చేమంతి, కలబంద తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పట్నం పూలగుత్తుల్లో వచ్చే పెద్ద లిల్లీలు మాత్రం పిల్లికి ప్రాణాంతకం. ఒంటికంటిన పుప్పొడి నాకినా చాలు, రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు పాడవుతాయి. మన దండల్లో కట్టే లిల్లీ, అంటే నేలసంపెంగ, ఆ జాతి కాదు. మల్లె, మందారం, గులాబీలతో ఈ భయం లేదు.

పిల్లి గన్నేరు కొరికిందని తెలిస్తే ఉప్పునీళ్లు పోసి కక్కించబూనడం మరింత చేటు. ఆ రెమ్మ ఒకటి తుంచి, పిల్లిని బుట్టలో పెట్టుకుని వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలి. రెమ్మ పట్టిన చేతులు కడుక్కోవడం మరువరాదు.