కొత్త బోర్డులో పాత కార్డు పెడితే ఎందుకు బూట్ కాదు? రాస్ప్‌బెర్రీ పై 5లో లినక్స్ నడిపే ముందు ఇవి తెలుసుకోండి

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం నాలుగు నెలలు పాకెట్ మనీ దాచుకుని రాస్ప్‌బెర్రీ పై 5 కొన్నారనుకోండి. రూమ్‌లో సీనియర్ వదిలేసి వెళ్లిన పై 4 ఉంది. అందులో లినక్స్ ఎప్పటినుంచో బాగానే నడుస్తోంది. ఆ మైక్రో ఎస్‌డీ కార్డు తీసి కొత్త బోర్డులో పెట్టి పవర్ ఇచ్చారు. డెస్క్‌టాప్ మాత్రం రాలేదు. బోర్డు డెడ్ అని రిటర్న్ పెట్టేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి. బోర్డు బాగానే ఉండొచ్చు. కార్డులో ఉన్న పాత లినక్స్‌కి ఈ కొత్త బోర్డు గురించి ఏమీ తెలియకపోవడమే అసలు సమస్య కావొచ్చు.

పీసీలో నడిచే ట్రిక్ ఇక్కడ ఎందుకు నడవదు?

ఉబుంటు పెన్‌డ్రైవ్ ఒకటి రెడీ చేసుకుంటే దాదాపు ఏ ల్యాప్‌టాప్‌కి పెట్టినా బూట్ అవుతుంది. ఎందుకంటే పీసీలో యూఈఎఫ్ఐ అనే ఫర్మ్‌వేర్ ఉంటుంది. మెషిన్‌లో ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో అది కెర్నల్‌కి ఒక పట్టికలా అందిస్తుంది. పీసీఐ, యూఎస్‌బీ డివైస్‌లైతే తామెవరో తామే చెప్పుకుంటాయి.

చిన్న ఏఆర్ఎం బోర్డుల్లో చాలావరకు ఈ సదుపాయం ఉండదు. చిప్ లోపల సీరియల్ పోర్టు ఏ అడ్రస్‌లో ఉంది, జీపీఐఓ కంట్రోలర్ ఎక్కడుంది అనేది కెర్నల్ తనంతట తాను కనుక్కోలేదు. అందుకే ప్రతి బోర్డుకీ 'డివైస్ ట్రీ' అనే ఫైల్ ఒకటి ఉంటుంది. ఊరికి కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్ చేతిలో పెట్టే ఇళ్ల జాబితా లాంటిదన్నమాట. జాబితా లేకపోతే ఉత్తరం చేరదు. డివైస్ ట్రీ, దానికి తగ్గ డ్రైవర్లు లేకపోతే బోర్డు పనిచేయదు.

ఇంతకుముందు ఈ వివరాలన్నీ కెర్నల్ కోడ్‌లోనే బోర్డుకో ఫైల్ చొప్పున రాసేవారు. ఆ గందరగోళం చూసి 2011లో లినస్ టోర్వాల్డ్స్ స్వయంగా విసుక్కున్నారు. ఆ తర్వాతే ఏఆర్ఎం లినక్స్ డివైస్ ట్రీ వైపు మళ్లింది.

పై 5లో ఏం మారింది?

పై 5ని 2023 సెప్టెంబరు 28న ప్రకటించారు. అక్టోబరులో అమ్మకాలు మొదలయ్యాయి. అప్పట్లో 4జీబీ ధర 60 డాలర్లు, 8జీబీ ధర 80 డాలర్లుగా ఉండేది. ప్రాసెసర్ బీసీఎం2712, అంటే 2.4 గిగాహెర్ట్జ్ కార్టెక్స్ ఏ76 కోర్లు నాలుగు. అందరి కళ్లూ దీనిమీదే పడ్డాయి. లినక్స్‌కి పెద్ద మార్పు మాత్రం పక్కనున్న ఆర్‌పీ1 చిప్. యూఎస్‌బీ, ఈథర్‌నెట్, జీపీఐఓ ఇప్పుడు ఈ చిప్ చేతిలో ఉన్నాయి. మెయిన్ ప్రాసెసర్‌కి ఇది పీసీఐ ఎక్స్‌ప్రెస్ ద్వారా కనెక్ట్ అవుతుంది.

అంటే కొత్త డివైస్ ట్రీ కావాలి, కొత్త డ్రైవర్లూ కావాలి. ఆ సపోర్ట్ 'బుక్‌వర్మ్' వెర్షన్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌తో వచ్చింది. దానికి ముందున్న 'బుల్స్‌ఐ' కార్డు పై 5లో బూట్ కాదు. ఉబుంటు కావాలంటే 23.10 నుంచి సపోర్ట్ ఉంది, 22.04 పనిచేయదు. కాబట్టి కార్డులోని ప్రాజెక్టు ఫైల్స్ ముందు కాపీ చేసుకోండి. తర్వాత రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్‌లో పై 5 సెలెక్ట్ చేసి ఫ్రెష్‌గా రాయండి. యూజర్ పేరు, వైఫై వివరాలు అక్కడే ఇచ్చేయొచ్చు.

బూట్ అయ్యాక ఎదురయ్యే మూడు చిక్కులు

ఒకటి, జీపీఐఓ. సీనియర్ ఇచ్చిన పైథాన్ కోడ్‌లో 'ఆర్‌పీఐ డాట్ జీపీఐఓ' లైబ్రరీ ఉంటే ఎర్రర్ వస్తుంది. అది పాత చిప్ మెమరీ అడ్రస్‌లను నేరుగా తాకుతుంది. పై 5లో పిన్‌లు ఆర్‌పీ1 కిందకి వెళ్లిపోయాయి కదా. పాత లైబ్రరీ తీసేసి, దాని స్థానంలో 'ఆర్‌పీఐ ఎల్‌జీపీఐఓ' ఇన్‌స్టాల్ చేస్తే చాలావరకు కోడ్ మార్చకుండానే నడుస్తుంది. కొత్తగా రాసేవాళ్లు 'జీపీఐఓ జీరో' వాడితే మేలు.

రెండు, పేజ్ సైజ్. పై 5 కోసం ఇచ్చిన కెర్నల్ మెమరీని 16కేబీ పేజీలుగా చూస్తుంది. పై 4లో ఇది 4కేబీ. 4కేబీయే ఉంటుందని నమ్మి బిల్డ్ చేసిన కొన్ని ప్రోగ్రామ్‌లు ఓపెన్ కాకుండానే ఆగిపోతాయి. 'పేజ్ సైజ్ సపోర్ట్ లేదు' అనే అర్థంలో మెసేజ్ వస్తే బూట్ కాన్ఫిగ్ ఫైల్‌లో 'కెర్నల్8' ఇమేజ్‌ని ఎంచుకునే లైను ఒకటి చేర్చి రీబూట్ చేయండి. 4కేబీకి మారుతుంది.

మూడు, పవర్. "నా దగ్గర 65 వాట్ ఫోన్ ఛార్జర్ ఉందిగా" అనుకుంటాం. పై 5కి కావాల్సింది 5 వోల్టుల దగ్గర 5 ఆంప్స్. ఎక్కువ ఫాస్ట్ ఛార్జర్లు 5 వోల్టుల దగ్గర 3 ఆంప్స్ మాత్రమే ఇస్తాయి. మిగతా వాట్లు ఎక్కువ వోల్టేజ్ దగ్గరే వస్తాయి. 3 ఆంప్స్‌తో బోర్డు బూట్ అవుతుంది కానీ నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి 600 మిల్లీఆంప్స్ మాత్రమే ఇస్తుంది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టగానే డిస్‌కనెక్ట్ అవుతుంటే లినక్స్‌ని తిట్టకండి, ముందు ఛార్జర్ చూడండి. 5 ఆంప్స్ అడాప్టర్ ఉంటే ఆ లిమిట్ 1.6 ఆంప్స్‌కి పెరుగుతుంది. అలాగే చిప్ 80 డిగ్రీలు దాటితే స్పీడ్ తగ్గించుకుంటుంది. గంటల తరబడి కోడ్ కంపైల్ చేసేవాళ్లు కూలర్‌కి కూడా బడ్జెట్ పెట్టుకోండి.

ఏ కొత్త బోర్డు కొనాలన్నా...

పై 5కి అమ్మకాలు మొదలయ్యేసరికే సొంత ఓఎస్ రెడీగా ఉంది. అన్ని బోర్డులకీ ఈ అదృష్టం ఉండదు. స్పెక్స్ షీట్‌లో ఎక్కువ కోర్లు, ఎక్కువ ర్యామ్ కనిపిస్తాయి, డౌన్‌లోడ్ పేజీలో మాత్రం ఎప్పటిదో ఒక్క ఇమేజ్ ఉంటుంది. ఆ కెర్నల్‌కి అప్‌డేట్‌లు ఆగిపోతే సెక్యూరిటీ ప్యాచ్‌లూ ఆగిపోయినట్టే.

అందుకే డబ్బు కట్టే ముందు మూడు విషయాలు చూడండి. ఆ బోర్డు ఓఎస్ ఇమేజ్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయింది? తయారీదారు కాకుండా డెబియన్, ఉబుంటు, ఆర్మ్‌బియన్ లాంటి వాటిలో ఏదైనా దాన్ని సపోర్ట్ చేస్తోందా? మీ ప్రాజెక్టుకి కావాల్సిన కెమెరా, వైఫై, జీపీఐఓ ఆ ఇమేజ్‌లో పనిచేస్తున్నాయా? మూడింటికీ సరైన జవాబు దొరికితే ధైర్యంగా ఆర్డర్ పెట్టండి. దొరక్కపోతే, ప్రాజెక్టు డెడ్‌లైన్ దగ్గర పడుతుంటే, కాస్త పాతదైనా సపోర్ట్ ఉన్న బోర్డే మీకు మంచిది.