ఫ్రిజు తలుపు, సాంబారు గిన్నె



"ఫ్రిజు తలుపు తీసి నిలబడకు, కరెంటు బిల్లు పెరిగిపోతుంది!" మాచ్‌ఖండ్ కరెంటును 1955 నుంచి ఒడిశా, ఆంధ్ర పంచుకుంటున్నట్టే, ఈ కేకనూ సరిహద్దుకు అటూ ఇటూ మనం పంచుకుంటున్నాం. బోరిగుమ్మలో మా ఇంట్లో ఆ కేక వేసేది నేనే. "ఎంత పెరుగుతుంది నాన్నా?" అని ఒకరోజు మా అబ్బాయి ఎదురు ప్రశ్న వేశాడు. బడిలో సైన్సు చెప్పేవాణ్ణి, జవాబు చెప్పక తప్పలేదు.

ఒక ఆదివారం తలుపు తెరిచినప్పుడల్లా క్యాలెండరు మీద గీత పెట్టమన్నాను. రాత్రికి 37 గీతలు తేలాయి. సగం, లోపల ఏముందో చూద్దామని తెరిచినవే.

తలుపు తీయగానే కాళ్ళకు చల్లగా తగులుతుంది, గమనించారా? చల్లగాలి బరువైనది కనుక కిందినుంచి జారిపోతుంది. పైనుంచి వంటింటి వెచ్చగాలి చొరబడుతుంది. టీకా మందులుంచే ఐస్ లైన్డ్ రెఫ్రిజిరేటరుకు తలుపు పైన ఉండేది ఇందుకే. తెరిచినా చల్లదనం తొట్టెలో నీళ్ళలా నిలిచి ఉంటుంది.

200 లీటర్ల ఫ్రిజులోని గాలి మొత్తం పావుకిలో కూడా తూగదు. దాన్ని 30 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు దించడం పెద్ద పని కాదు. చిక్కంతా అందులోని తడితోనే. మన కొరాపుట్ వానాకాలం మీకు తెలిసిందే, ఆరేసిన బట్ట రెండు రోజులైనా ఆరదు. ఆ గాలిలోని ఆవిరి లోపల నీరుగా మారేటప్పుడు వదిలే వేడి, గాలి తెచ్చిన వేడి కంటే ఎక్కువ. అయినా సరే, 37 సార్లూ లోపలి గాలంతా మారిపోయిందనుకున్నా, ఆ రోజు ఖర్చు సుమారు పదో వంతు యూనిట్టు. నెలకు మూడు యూనిట్లు. మావాడు గెలిచాననుకున్నాడు.

అసలు సంగతి తలుపులో లేదు, దాని వెంట లోపలికి వెళ్ళే గిన్నెలో ఉంది. రెండు లీటర్ల సాంబారును 70 డిగ్రీల వేడిమీద పెట్టారనుకోండి. ఆ ఒక్క గిన్నె ఇంచుమించు 37 గీతలకూ సమానం! చల్లారాక పెడితే ఆ భారం సగానికి పైగా తగ్గుతుంది. అలాగని రాత్రంతా బయట వదిలేయకండి. రెండు గంటలు దాటితే వండిన పదార్థాల్లో సూక్ష్మజీవులు పెరుగుతాయి. గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి కలియబెడితే త్వరగా చల్లారుతుంది.

ఎండాకాలంలో రోజూ పది లీటర్ల నీళ్ళు సీసాల్లో పెట్టి, తాగి, మళ్ళీ నింపే ఇళ్ళున్నాయి. అది రోజుకు రెండు సాంబారు గిన్నెల లెక్క. తాగే నీటికి కుండే మేలంటాను. మన చద్దన్నానికీ, ఒడియా పొరుగువారి పఖాళకూ ఏ ఫ్రిజూ అక్కర్లేదు కదా!

నిండు ఫ్రిజుకు ఖర్చు తక్కువని కొందరు, ఎక్కువని కొందరు వాదిస్తారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఒకసారి చల్లబడి కదలకుండా ఉన్న వస్తువులు గాలికి చోటు తగ్గిస్తాయి, కనుక తలుపు తీస్తే పోయేదీ తక్కువే. కానీ సంత నుంచి తెచ్చిన ఆకుకూరలన్నీ తడితో కుక్కితే గాలి తిరగదు. ఒక మూల గడ్డకడుతుంది, మరో మూల కుళ్ళుతుంది.

ఇక తలుపు మూసి ఉన్నప్పుడు కూడా వేడి గోడల గుండా రేయింబవళ్ళు లోపలికి వస్తూనే ఉంటుంది. పెద్ద ఖర్చు దానిదే. ఫ్రిజును పొయ్యి పక్కన పెట్టకండి, వెనుక జానెడు చోటు వదలండి. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వస్తే రబ్బరు చూపించుకోవలసిందే. కొత్తది కొనేవారు 2006లో మొదలైన నక్షత్రాల చీటీ మీద సంవత్సరానికి ఎన్ని యూనిట్లో చదవండి. నాకైతే నక్షత్రాల కంటే ఆ అంకె మీదే నమ్మకం.

ఈదురుగాలికి చెట్టు పడి కరెంటు పోయిందంటే మాత్రం నా కేక న్యాయమైనదే. మూసి ఉంచిన ఫ్రిజు సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుపుతుంది. లోపలి నీళ్ళ సీసాలు అప్పుడు అక్కరకొస్తాయి. పాలు ఎలా ఉన్నాయో చూద్దామని మాత్రం తలుపు తీయకండి. సెలవు.