బైబిలులో 'ఇంటివారు' ఎవరు?

హెబ్రీ పదమైన 'బయిత్'ను, గ్రీకు పదమైన 'ఓయికోస్'ను మనము సాధారణముగా 'ఇల్లు' అని అనువదించుచున్నాము. అయితే ఈ పదములు కట్టడమును మాత్రమే సూచించవు. 2 సమూయేలు 7వ అధ్యాయములో దావీదు కట్టగోరిన ఇల్లు మందిరము. దేవుడు అతనికి వాగ్దానము చేసిన ఇల్లు రాజవంశము. రెంటికిని హెబ్రీలో పదమొక్కటే.

మొదటి శతాబ్దపు రోమా సామ్రాజ్యములో 'ఓయికోస్' అనగా భార్యాభర్తలు, పిల్లలు మాత్రమే కాదు. దాసులు, ఆశ్రితులు కూడ అందులోనివారే. గనుక అపొస్తలుల కార్యములు 16లో లూదియ ఇంటివారు, చెరసాల నాయకుని ఇంటివారు బాప్తిస్మము పొందిన సంగతిని చదువునప్పుడు మన నేటి చిన్న కుటుంబమును అక్కడ ఊహించుకొనరాదు. అక్కడ శిశువులున్నారనిగాని లేరనిగాని ఆ ఒక్క పదమును బట్టి తేల్చలేము.

ఫిలేమోను పత్రికలో ఈ సంగతి మరింత స్పష్టమగుచున్నది. సంఘము కూడుకొన్నది అతని ఇంటిలోనే. ఒనేసిము ఆ ఇంటి దాసుడే. అతనిని సహోదరునిగా చేర్చుకొనుమని పౌలు కోరుటతో ఆ ఇంటి క్రమమే ప్రశ్నకు గురియైనది.

ఆలాగైతే, మనము గృహ సందర్శనకు వెళ్లి, వంటగదిలో ఆగిపోయిన పనిమనిషిని, వెనుకగదిలోనున్న విధవరాలిని పిలువకయే 'ఈ ఇంటివారందరిని దీవించుము' అని ప్రార్థింపగలమా? ఎఫెసీయులకు 2:19 ప్రకారము దేవుని ఇంటిలో పరదేశియైన విశ్వాసి ఒక్కడును లేడు.