చిన్న ట్రాక్టరు మీద పెద్ద గడ్డికట్ట

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో పశువుల రైతులు ఒకప్పుడు ఎండుగడ్డిని మనిషి ఎత్తగలిగే చదరపు కట్టలుగా కట్టి, కొట్టాల అటకల మీద చేత్తో పేర్చుకునేవారు. కూలీల కొరత పెరిగిన కాలంలో, 1971లో, అయోవా రాష్ట్రంలోని పెల్లాకు చెందిన గ్యారీ వెర్మీర్ గడ్డి పనంతా ఒక్కడే చేసుకోగలిగేలా పెద్ద గుండ్రటి కట్టలు చుట్టే బేలరును రూపొందించాడు. దానితో కూలి ఖర్చు తగ్గింది గాని, కట్ట మనిషి చేతికి అందని వస్తువైంది. తెలుగు రాష్ట్రాల్లో వరికోత యంత్రం వెనక తిరిగే బేలర్లు చుట్టే గడ్డికట్టను ఒక మనిషి భుజాన వేసుకుని లారీకి అందించగలడు. అమెరికా కట్టను యంత్రం లేకుండా లేపడం అసాధ్యం. పైగా కట్ట చుట్టేది పెద్ద ట్రాక్టరున్న పెద్ద రైతు కాగా, దాన్ని కొనేది చాలాసార్లు నాలుగు ఆవులో రెండు గుర్రాలో పెంచుకుంటూ పాతిక హార్స్‌పవర్ ట్రాక్టరుతో సరిపెట్టుకునే చిన్న కమతందారు.

కట్ట బరువును కంటితో అంచనా వేయబోయేవారు మోసపోవడానికి కారణం ఘనపరిమాణం పెరిగే తీరులో ఉంది. వెడల్పు, వ్యాసం రెండూ 4 అడుగులున్న కట్టలో సుమారు 1.4 ఘనపు మీటర్ల గడ్డి పడుతుంది; ఘనపు మీటరుకు 160 కిలోల చొప్పున అది 230 కిలోల దాకా తూగుతుంది. రెండు కొలతలూ ఒక్కొక్క అడుగే పెరిగి 5 అయితే బరువు దాదాపు రెట్టింపై 450 కిలోలకు చేరుతుంది. గట్టిగా బిగించి చుట్టినదైనా, వానకు తడిసినదైనా లెక్క ఇంకా పైకి పోతుంది.

ట్రాక్టరు శక్తి అనగానే హార్స్‌పవర్ గుర్తుకు రావడం సహజమే అయినా, ఇక్కడ ఆ అంకెకు దక్కే గౌరవం కొంచెం ఎక్కువే. పంపు తోసే నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ సిలిండరు చిన్న ఇంజనుతో కూడా పెద్ద బరువును లేపుతుంది. లేపిన బరువుతో బండి నిలబడగలదా అన్నది భ్రామకం తేల్చే విషయం. భ్రామకమంటే బరువును, ఆధారం నుంచి ఆ బరువుకున్న దూరంతో గుణించగా వచ్చే తిప్పే ప్రభావం. ఏతం మాను మీద మనిషి నాలుగడుగులు అటో ఇటో వేయగానే బాన లేవడానికీ దిగడానికీ కారణం ఇదే.

ఉదాహరణకు లోడరుతో, అంటే ముందువైపు బిగించే ఎత్తుడు చేతులతో, కలిపి 1200 కిలోలు తూగే ట్రాక్టరు బరువు రెండు ఇరుసుల మీదా చెరిసగం పడుతోందనీ, ఇరుసుల మధ్య దూరం 1.6 మీటర్లనీ అనుకుంటే, లోడరుకు బిగించిన ఈటెతో గుచ్చి పట్టుకున్న 400 కిలోల కట్ట గరిమనాభి, అంటే దాని బరువంతా కేంద్రీకృతమైనట్టు భావించే బిందువు, ముందు ఇరుసుకు సుమారు 1.7 మీటర్ల ముందుంటుంది. అప్పుడు ముందు ఇరుసే ఆధారమై, వెనక చక్రాల మీదున్న 600 కిలోలలో 425 తగ్గిపోయి 175 మాత్రమే మిగులుతాయి. చాలా చిన్న ట్రాక్టర్లలో బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి కనుక, పల్లంలోకి దిగే బండిని ఆపవలసిన ఆ చక్రాలకు నేల మీద పట్టు లేకుండా పోతుంది. ముందు చక్రాలకూ చోదకశక్తి అందే ఫోర్ వీల్ డ్రైవును వేసి దిగితే బ్రేకు ప్రభావం వాటికీ చేరుతుంది. వెనక ఇరుసుకు 0.8 మీటరు వెనగ్గా 300 కిలోల కాంక్రీటు దిమ్మెను ప్రతిభారంగా తగిలిస్తే వెనక చక్రాల మీద బరువు 625 కిలోలకు పెరగడమే కాక, ముందు ఇరుసు మీద 150 కిలోలు తగ్గుతాయి. బరువు చేర్చితే ముందు ఇరుసుకు భారం తగ్గడం వినడానికి వింతగా ఉన్నా, లెక్క అంతే.

కట్టను వెనక త్రీ పాయింట్ లింకేజికి, అంటే హ్యారీ ఫెర్గూసన్ రూపొందించగా 1939 నాటి ఫోర్డ్ ట్రాక్టరుతో ప్రచారంలోకి వచ్చిన మూడు చేతుల అమరికకు, తగిలించడం ఇంతకంటే మేలు. అక్కడ బరువు పెద్ద చక్రాలకు దగ్గరగా, నేలకు తక్కువ ఎత్తులో ఉంటుంది. అయితే ఈసారి తేలిపోయేవి ముందు చక్రాలు. లోడరు తీసేసిన బండికి ముందు 400 కిలోలే ఉంటే, వెనక ఇరుసుకు 1.5 మీటర్ల దూరంలో వేలాడే 400 కిలోల కట్ట అందులో 375 కిలోలను లాగేసుకుంటుంది; స్టీరింగు తిప్పినా బండి తిరగదు. అందువల్ల లోడరును విప్పకుండా ఉంచుకోవడమే చవకైన ప్రతిభారం. లింకేజి ఎత్తే బరువును తయారీదారులు చేతుల చివర ఒకటిగా, అక్కడి నుంచి 610 మిల్లీమీటర్ల వెనక మరొకటిగా చెబుతుంటారు. 4 అడుగుల వెడల్పు కట్ట గరిమనాభి దాని అంచు నుంచి సరిగ్గా అంత దూరంలోనే ఉంటుంది కనుక చూడవలసింది రెండో అంకె. ప్రకటనల్లో పెద్దగా కనిపించేది మాత్రం మొదటిది.

కట్టను పైకి లేపేకొద్దీ బండి పక్కకు ఒరిగే ప్రమాదం ముదురుతుంది. ముందు ఇరుసు మధ్యలో ఒకే కీలు మీద ఊగుతుంది కనుక, ట్రాక్టరు నిలకడ నాలుగు చక్రాల చతురస్రం మీద కాక, రెండు వెనక చక్రాలూ ఆ కీలూ కలిసిన త్రికోణం మీద ఆధారపడుతుంది. గరిమనాభి పైకి పోతే కొద్దిపాటి వాలుకే దాని భారరేఖ త్రికోణం దాటుతుంది. ఈటె గాని పట్టుకొమ్ములు గాని లేని ఉత్త బకెట్టుతో ఎత్తిన కట్టయితే లోడరు చేతుల మీదుగా వెనక్కి దొర్లి డ్రైవరు మీదే పడవచ్చు. ట్రాక్టరు బోల్తా పడినప్పుడు కాపాడే ఇనుప చట్రాన్ని కొత్త బండ్లకు స్వీడన్ 1959లోనే తప్పనిసరి చేసింది గాని, పైనుంచి పడే కట్టను ఆపడానికి ఆ చట్రం ఒక్కటే చాలదు.

ఇన్ని చిక్కులున్న చోట అసలు ఎత్తకపోవడమే తెలివైన పని. రెండు చక్రాల కట్టబండి మీదికి కట్టను వంచి ఎక్కించి లాగితే, గట్టి నేల మీద అవసరమయ్యే లాగుడు బలం బరువులో పదో వంతు లోపే ఉంటుంది. ఆ బండిని ట్రాక్టరు వెనక ఇరుసు కంటే కిందనున్న డ్రాబారుకే, అంటే లాగుడు కడ్డీకే, తగిలించాలి. పైన తగిలిస్తే ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేవవచ్చు. దించేటప్పుడు కట్ట చదునైన ముఖం పల్లం వైపు ఉండేలా పెట్టకపోతే అది తనంతట తానే బయలుదేరుతుంది. 2010 సెప్టెంబరులో ఇంగ్లాండులోని డెవాన్‌లో, ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా బృందంలో ఒకప్పుడు చెల్లో వాయించిన మైక్ ఎడ్వర్డ్స్ వాహనం మీదికి వాలు నుంచి దొర్లివచ్చి ఆయన ప్రాణం తీసిన కట్ట బరువు సుమారు 600 కిలోలు.