ఓడినవారి సొమ్ము

"హజ్రత్, పోకర్ తెలివితో ఆడే ఆట. అది జూదమెలా అవుతుంది?" అని ఇటీవల ఒక యువకుడు నన్ను అడిగాడు. నమాజు తప్పనివాడు, చదువుకున్నవాడు. అతని ప్రశ్నలో వంచన లేదు. అందుకే ఆ ఆటతో ఎదిగిన ఒక కంపెనీ చరిత్రనే అతని ముందుంచాను.

1937లో అమెరికాలోని రీనో పట్టణంలో విలియం హారా ఒక చిన్న బింగో శాలను తెరిచాడు. హారాస్ కంపెనీకి అదే నాంది. పోకర్ పోటీలు మాత్రం మరొకచోట పుట్టాయి. 1970లో లాస్ వేగాస్‌లో బెన్నీ బినియన్ తన హార్స్‌షూ కేసినోకు కొద్దిమంది పేరుమోసిన ఆటగాళ్లను పిలిచి 'వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్'ను ప్రారంభించాడు. కాలక్రమంలో ప్రధాన పోటీ ప్రవేశ రుసుము 10 వేల డాలర్లుగా స్థిరపడింది.

2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు ఇంటర్నెట్‌లో వంద డాలర్లకు లోపే వెచ్చించి ఆ పోటీలో ప్రవేశం పొందాడు. 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ వార్త ఎందరిలోనో ఆశను రగిల్చింది. మరుసటి ఏడే హారాస్ ఈ పోటీల హక్కులను చేజిక్కించుకుంది. 2005లో సీజర్స్ కంపెనీని తనలో కలుపుకొని, 2010లో ఆ పేరునే ధరించింది. 2024లో ఆ పోటీల పేరును, హక్కులను 50 కోట్ల డాలర్లకు అమ్మడానికి ఒప్పందం చేసుకుంది.

ఇక లెక్క చూద్దాం. 2003లో ప్రధాన పోటీకి 839 మంది వచ్చారు. 2006లో 8,773 మంది. ఆ ఏడు విజేతకు 1 కోటి 20 లక్షల డాలర్లు దక్కాయి. పత్రికలు అతని పేరే రాశాయి. ఏదో ఒక బహుమతి అందినవారు 873 మంది. మిగిలిన 7,900 మంది వట్టి చేతులతో వెనుదిరిగారు. వసూలైన మొత్తం దాదాపు 8 కోట్ల 77 లక్షల డాలర్లు కాగా, బహుమతులుగా పంచినది సుమారు 8 కోట్ల 25 లక్షలు. నిర్వాహకులు పేక ముట్టలేదు, పందెం కాయలేదు. అయినా వారి వాటా ముందే వారికి చేరింది.

షరీఅత్ గీసిన గీటు ఇక్కడే ఉంది. ధర్మసమ్మతమైన పోటీలో బయటివారెవరో బహుమతి ఇస్తే అది కానుక. ఆడేవారందరూ సొమ్ము ఒడ్డి, ఓడినవారి సొమ్మే గెలిచినవారి బహుమతి అయితే అది ఖిమార్, అంటే జూదం. తెలివి ఎంత ఉన్నా ఆ సొమ్ము స్వభావం మారదు. మద్యజూదాలు మనుషుల మధ్య వైరాన్ని రగిల్చి, దైవస్మరణకూ నమాజుకూ దూరం చేస్తాయని దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా హెచ్చరిస్తున్నది.

నాడు లాస్ వేగాస్‌కు వెళ్లవలసిన ఆట నేడు చేతిలోని ఫోన్‌లోకి వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టంతో అడ్డుకోజూశాయి. 2025లో కేంద్రం దేశమంతటా నిషేధించింది. కానీ పడకగదిలో తలుపు మూసుకొని ఆడేవానిని చట్టం ప్రతిసారీ చూడలేదు. అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుక ఒక్కటే అక్కడ కాపలా.

ఆ యువకుడు చాలాసేపు మౌనంగా కూర్చున్నాడు. తరువాత మెల్లగా, "ఎంత పోయిందో ఇంట్లో ఇంకా చెప్పలేదు" అన్నాడు. తల్లిదండ్రులారా, మన పిల్లలు ఈ మాట ముందుగా మనతోనే చెప్పుకోగలిగే ఇల్లు మనదేనా? తౌబా ద్వారం తెరిచే ఉంది. మన ఇంటి తలుపు కూడా తెరిచి ఉంచుదాం.