వ్యాపార భాగస్తుల వివాదాలు: షరీఅత్ చూపిన దారి, చట్టం ఇచ్చిన చోటు

దివ్య ఖుర్ఆన్ సాద్ సూరాలో హజ్రత్ దావూద్ (అ) ఎదుటకు ఇద్దరు వాదులు వచ్చిన ఉదంతం ఉంది. ఒకనికి 99 గొర్రెలు. రెండవవానికి ఉన్నది ఒక్కటే. ఆ ఒక్కటి కూడా తనకే అప్పగించమని మొదటివాని పట్టు. కలిసి వ్యవహారం చేసుకొనేవారి మధ్య పరస్పర అన్యాయం ఎంత తరచుగా జరుగుతుందో ఆ సందర్భంలో (38:24) హెచ్చరించబడింది.

దీనినిబట్టి భాగస్వామ్యం కూడదని అర్థం కాదు. మహాప్రవక్త (స) ప్రవక్తృత్వానికి పూర్వం సాయిబ్ అనే వ్యక్తితో కలిసి వ్యాపారం చేశారు. ఆయన (స) వాదులాడని ఉత్తమ భాగస్తులని తరువాతి కాలంలో సాయిబే సాక్ష్యమిచ్చినట్లు అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది. భాగస్తులలో ఏ ఒక్కరూ ద్రోహం తలపెట్టనంతవరకు అల్లాహ్ వారికి తోడుగా ఉంటాడని కూడా అదే సంకలనం తెలుపుతున్నది.

మన పట్టణాలలో బట్టల దుకాణమైనా, హోటలైనా, తోళ్ళ వ్యాపారమైనా అన్నదమ్ములో, బావామరుదులో, స్నేహితులో నోటిమాట మీద మొదలుపెడుతూ ఉంటారు. "మన మధ్య కాగితమేమిటి?" అంటారు. ఆ అభిమానం లాభం పంచుకొనేనాడు పనికివస్తుంది. నష్టం పంచుకొనేనాడు నిలవదు. ఇక భాగస్తులలో ఒకరు మరణిస్తే, ఏ లెక్కా ఎరుగని వితంతువు, పసిపిల్లలు రెండవ భాగస్తుని దయ మీద ఆధారపడవలసి వస్తుంది. వివాదం వచ్చాక ఎవరివద్దకు పోవాలన్నది రెండవ ప్రశ్న. ఒప్పందం చేసుకొనేనాడు ఏమి రాసుకోవాలన్నది మొదటి ప్రశ్న.

ఫిఖ్హ్ ఏమంటున్నది?

హనఫీ ఫిఖ్హ్ ప్రామాణిక గ్రంథాలలో ఒకటైన 'హిదాయా'లో షిర్కత్‌కు, అనగా భాగస్వామ్యానికి, ప్రత్యేక అధ్యాయమే ఉంది. అందులోని నియమాలలో నాలుగు మన విషయానికి ముఖ్యమైనవి.

మొదటిది: లాభం ఒప్పుకొన్న నిష్పత్తిలో పంచుకోవాలి. ఒకరికి ఇంత సొమ్మని ముందే ఖాయపరిస్తే ఒప్పందమే చెడుతుంది. రెండవది: నష్టం మాత్రం పెట్టుబడి నిష్పత్తిలోనే భరించాలి. మూడవది: భాగస్తుడు అమీన్, అంటే నమ్మకం మీద సొమ్ము ఉంచుకొన్నవాడు. అతని అశ్రద్ధ గాని, అతిక్రమణ గాని లేకుండా సరుకు నష్టమైతే అతనిపై పరిహారం పడదు. ఆరోపించినవాడు సాక్ష్యం తేవాలి. కాదన్నవాడు ప్రమాణం చేయాలి. నాల్గవది: రెండవవారికి తెలియజేసి ఎవరైనా భాగస్వామ్యం నుండి వైదొలగవచ్చును, మరణంతో అది తనంతట తానే ముగుస్తుంది.

మదరసా విద్యార్థులకు చిరపరిచితులైన జైద్, అమ్ర్‌లనే ఉదాహరణగా తీసుకుందాం. జైద్ 60,000 రూపాయలు, అమ్ర్ 40,000 రూపాయలు పెట్టారు. దుకాణం నడిపేది ఎక్కువగా అమ్ర్ కనుక లాభం చెరిసగం అనుకొన్నారు. ఇది ధర్మసమ్మతమే. 20,000 రూపాయల నష్టం వస్తే? షరీఅత్ ప్రకారం జైద్ 12,000, అమ్ర్ 8,000 భరించాలి.

రాసుకోకపోతే చట్టమే రాస్తుంది

ఇదే తగాదా కోర్టుకు పోయిందనుకుందాం. మన దేశంలో 1932 నాటి భాగస్వామ్య చట్టం అమలులో ఉంది. వేరే ఒప్పందం లేని పక్షంలో లాభనష్టాలు రెండూ సమానమని దాని 13వ సెక్షన్ చెబుతున్నది. కనుక జైద్, అమ్ర్‌లు చెరి 10,000 భరించాలి. తక్కువ పెట్టుబడి పెట్టిన అమ్ర్‌పై 2,000 రూపాయలు అదనంగా పడినట్లే.

అయితే ఆ సెక్షన్ మొదట్లోనే ఒక మాట ఉంది: భాగస్తుల మధ్య ఒప్పందానికి లోబడి. అంటే "నష్టం పెట్టుబడి నిష్పత్తిలో భరించాలి" అన్న ఒక్క వాక్యం దస్తావేజులో ఉంటే ఆ ఇద్దరి మధ్య చట్టం ఆ వాక్యాన్నే అమలుపరుస్తుంది. బయటి ఋణదాతలకు మాత్రం భాగస్తులందరూ పూర్తి బాధ్యులే. ఏ ఒప్పందమూ దానిని తప్పించదు.

37వ సెక్షన్ కూడా గమనార్హం. ఒక భాగస్తుడు వైదొలిగినా, మరణించినా, లెక్క తేల్చకుండానే మిగతావారు అతని సొమ్ముతో వ్యాపారం సాగిస్తే, అతనికి గాని, వారసులకు గాని రెండింటిలో ఒకటి కోరుకొనే హక్కు ఉంది: ఆ సొమ్ము వల్ల వచ్చిన లాభంలో వాటా, లేదా ఏటా 6 శాతం వడ్డీ. వడ్డీ నిషిద్ధమని నమ్మే కుటుంబం మొదటిదానిని ఎంచుకోవచ్చును. ఈ సంగతి తెలియకనే ఎందరో వారసులు ఇచ్చినది పుచ్చుకొని వెళ్ళిపోతారు.

ఇంకొకటి: రిజిస్టరు కాని సంస్థలోని భాగస్తుడు ఒప్పంద హక్కుల కోసం సంస్థపై గాని, తోటి భాగస్తులపై గాని దావా వేయలేడు. సంస్థ రద్దుకు, రద్దయిన సంస్థ లెక్కలకు మాత్రమే దావా వేయగలడు (సెక్షన్ 69). రిజిస్ట్రేషన్‌ను అశ్రద్ధ చేయరాదు.

సుల్హ్, తహ్కీమ్

వివాదం వచ్చాక షరీఅత్ చూపే మొదటి మార్గం సుల్హ్, అనగా రాజీ. హలాల్‌ను హరామ్‌గా, హరామ్‌ను హలాల్‌గా మార్చనంతవరకు ముస్లిముల మధ్య ప్రతి రాజీ చెల్లుతుంది. అది కుదరకపోతే తహ్కీమ్: ఇరుపక్షాలూ మెచ్చిన మధ్యవర్తి తీర్పు. హనఫీ ఫిఖ్హ్‌లో తీర్పు వెలువడే ముందు ఏ పక్షమైనా వెనుదీయవచ్చును. వెలువడిన తరువాత కట్టుబడవలసిందే.

చట్టం దృష్టిలో దీని బలమెంత? ఫత్వాలకు, దారుల్ ఖజా తీర్పులకు చట్టపరమైన బలం లేదనీ, ఇష్టపూర్వకంగా ఎవరైనా పాటించుకోవచ్చుననీ 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాని 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం ప్రకారం ఇరుపక్షాలూ లిఖితపూర్వకంగా ఒప్పుకొంటే, విధివిధానాల ప్రకారం వెలువడిన మధ్యవర్తి తీర్పు కోర్టు డిక్రీలాగే అమలవుతుంది. మధ్యవర్తుల సంఖ్య బేసిగా ఉండాలి. షరీఅత్ తెలిసిన ఆలిం ఒకరు, లెక్కలు తెలిసినవారొకరు, న్యాయవాది ఒకరు కూర్చోవచ్చును. వారు దేశ చట్టం ప్రకారమే, దస్తావేజులోని షరతులను గమనించి తీర్పు చెప్పాలి. కనుక ఆలిం కూర్చున్నంతమాత్రాన షరీఅత్ అమలు కాదు. షరతు దస్తావేజులో ఉండాలి.

కంపెనీ వాటాదారుల సంగతి

కంపెనీ వ్యవహారం వేరు. వాటాదారుడు భాగస్తునిలా నోటీసిచ్చి కంపెనీని రద్దు చేయలేడు. కంపెనీ ఆస్తిపై నేరుగా అతనికి హక్కు లేదు. యాజమాన్యం అణచివేతకు పాల్పడితే 2013 కంపెనీల చట్టం 241వ సెక్షన్ కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చును. ఇందుకు సాధారణంగా పదోవంతు వాటా మూలధనం గాని, 100 మంది లేదా మొత్తం సభ్యులలో పదోవంతు (ఏది తక్కువైతే అది) గాని ఉండాలి. ఒక వర్గం వాటాలను రెండవ వర్గం కొనుక్కోవాలని కూడా ట్రిబ్యునల్ ఆజ్ఞాపించగలదు. ఈ ట్రిబ్యునల్‌కు హైదరాబాదులోనూ, అమరావతిలోనూ బెంచీలున్నాయి.

వాటాలకు నామినీగా పేరు రాయించుకొన్న కొడుకు తానే యజమానినని చెల్లెళ్ళను తోసిపుచ్చడం కద్దు. నామినీకి సంపూర్ణ యాజమాన్యం రాదనీ, వారసత్వ నియమాలే వర్తిస్తాయనీ 2023లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అనగా ఖుర్ఆన్ నిర్ణయించిన ఆడపిల్ల భాగం కంపెనీ వాటాలలోనూ ఆమెదే.

రాసుకోవలసినవి

అప్పు వ్యవహారాన్ని రాసుకోమని బఖరా సూరా (2:282) ఆదేశించింది. అక్కడికక్కడ తెగిపోయే క్రయవిక్రయాలకు మాత్రమే సడలింపు ఇచ్చింది. ఏళ్ళ తరబడి ఒకరి సొమ్ము మరొకరి చేతిలో ఉండే భాగస్వామ్యం అక్కడికక్కడ తెగేది కాదు. అందుచేత తగిన స్టాంపు కాగితంపై ఇవి ఉండాలి: ఎవరి పెట్టుబడి ఎంత, లాభం ఏ నిష్పత్తి, నష్టం పెట్టుబడి నిష్పత్తి, ఏటా ఏ నెలలో లెక్క చూసి సంతకాలు చేయాలి, ఒకరు మరణిస్తే ఎన్నాళ్ళలో వారసులకు లెక్క అప్పగించాలి, తగాదా వస్తే మధ్యవర్తులెవరు, బాకీలపై వడ్డీ ఉండరాదు.

నమ్మకం లేక రాసుకోవడం కాదిది. నమ్మినవాని తరువాత వచ్చే అనాథల హక్కును కాపాడడం. భాగస్తుల హక్కులను గుర్తించి, అన్యాయానికి దూరంగా ఉండే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.